కీలు దొరికిన రోజు

“ఎముకకి తగిలింది కత్తి! నాకు వినబడలేదనుకున్నావా?”

తెర వెనకనుంచి జాకిప్‌బెక్ కేక. ముందుగదిలో గొర్రెను ముందేసుకుని కూచున్న ఎర్తాయ్ కత్తి దించి కళ్ళు మూసుకున్నాడు. యాభై మూడేళ్ళ మనిషి. ఏడు నెలలుగా మంచాన పడ్డ తండ్రిని లేపడం, పడుకోబెట్టడం, పూటపూటా బిగుసుకుపోయిన ఆ మోకాళ్ళు వంచడం, చాపడం. నిన్న రాత్రి కూడా రెప్ప వేయలేదు. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

“తగల్లేదు నాన్నా. రాసుకుంది, అంతే.”

“రాసుకోవడం తగలడం కాదూ? పోనీ గొడ్డలి తెచ్చుకో. జాకిప్‌బెక్ కొడుకు ఎముక విరగ్గొట్టి అతిథికి పెట్టాడని ఊరంతా నవ్వుతుంది!”

నిజంగానే నవ్వుతుంది. గొర్రెను కీలుకి కీలు విడదీయాలి, ఒక్క ఎముకా విరగకూడదు. ఏ కీలు ముక్క ఎవరి ముందు పెట్టాలన్నది వయసుని బట్టి, వరసని బట్టి. ఆ పనిలో జాకిప్‌బెక్‌ని మించినవాడు ఆ గడ్డిమైదానాల్లో లేడు. ఇప్పుడు ఆయన వేళ్ళు చెంచా కూడా పట్టవు. చెవులు మాత్రం పాము చెవులు.

పొయ్యి దగ్గర టీ తాగుతున్న ఓరింబాయ్ నవ్వాడు. జాకిప్‌బెక్ చిన్ననాటి స్నేహితుడు. జబ్బుమనిషిని చూసిపోదామని రెండు రోజులు ప్రయాణం చేసి వచ్చాడు. గొర్రె కోసింది ఆయన కోసమే.

“వదిలెయ్ జాకిప్‌బెక్! ఉన్న నాలుగు పళ్ళకి ఏ ముక్కైతే ఏంటి?”

“నువ్వూరుకో! ఒరేయ్, ముందుకాలు పట్టుకో. రెక్క ఎముకకి ఒంటితో కీలే లేదు. కండే దాన్ని అంటిపెట్టుకునుంది. కండ వెంబడే పో, దానంతటదే వచ్చేస్తుంది.”

వచ్చేసింది.

“ఇప్పుడు కాలు వంచు. ఎక్కడ వంగితే అక్కడే కీలు. కండ సన్నబడి నరమైన చోట తెగ్గొయ్యి. నా మోకాళ్ళు వంచడం నీకు నేర్పుతూ ఆసుపత్రి నర్సు చెప్పింది విన్నావుగా? కండకి లాగడమే తెలుసట, నెట్టడం తెలీదట. ఒకటి లాగితే వంగుతుంది, దాని ఎదురుది లాగితే చాపుకుంటుంది. దానికి అదన్నా తెలుసు. నీకేం తెలుసురా?”

ఓరింబాయ్‌కి పొలమారింది. ఎర్తాయ్‌కి మాత్రం నవ్వు రాలేదు. పదిహేనేళ్ళప్పుడు కత్తి పట్టాడు. ఇన్నేళ్ళలో ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, “బాగా చేశావురా” అని తండ్రి నోట వినలేదు. ఆ ఒక్క మాట వినాలని ఈ వయసులో కూడా ప్రాణం కొట్టుకుపోతుందంటే తనకే సిగ్గుగా ఉంది.

అతని భార్య షోల్పన్ శుభ్రం చేసిన గొర్రె తలని తెచ్చి పక్కన పెట్టింది. అది పెద్ద అతిథి ముందు పెట్టాల్సింది. ఓరింబాయ్ దాన్ని చూసి ఎర్తాయ్‌ని ఆట పట్టించాడు.

“యాభై మూడేళ్ళొచ్చినా ఇంకా తల పళ్ళెం ముట్టనివాడివి ఈ చుట్టుపక్కల నువ్వొక్కడివేరా! అదృష్టవంతుడివి. నా ముందు పందొమ్మిదో ఏటే పెట్టేశారు.”

తండ్రి బతికుండగా కొడుకు తల పళ్ళెం ముట్టడు.

“ఈయన జోరు చూస్తుంటే దాని రుచి తెలీకుండా నేనే ముందు పోయేట్టున్నాను పెదనాన్నా,” అన్నాడు ఎర్తాయ్ విసుగ్గా.

“వినబడిందిరా!” అంది తెర. ఈసారి అందరూ నవ్వారు.

ఇంక తుంటి కీలు మిగిలింది.

“అది నీ వల్ల కాదు,” అన్నాడు జాకిప్‌బెక్. గొంతు కాస్త తగ్గింది. “గిన్నెలో బంతిలా కూచునుంటుంది. లోపల చిన్న నరం దాన్ని పట్టుకునుంటుంది. కాలు బయటికి తిప్పు, సందులోంచి మొన పోనిచ్చి ఆ నరం ఒక్కటీ తెంపు. చప్పుడైందో, నువ్వు నా కొడుకువే కాదు.”

ఎర్తాయ్ ఊపిరి బిగబట్టాడు. కాలు తిప్పాడు. సందు దొరికింది. కత్తి మొన వెన్నలోకి దిగినట్టు దిగింది. బంతి మెల్లగా గిన్నెలోంచి బయటికొచ్చేసింది. ఏ చప్పుడూ లేదు.

తెర వైపు చూశాడు. తిట్టు లేదు. వంక లేదు. ఒక నిమిషం ఆగాడు. ఇంకో నిమిషం ఆగాడు.

“ఏమీ అనలేదు!” అన్నాడు భార్యతో, చిన్నపిల్లాడిలా.

“మామయ్య ఏమీ అనలేదంటే బాగున్నట్టేగా,” అంది షోల్పన్ గొంతు తగ్గించి. “ఇన్నాళ్ళకి కాస్త కన్నంటినట్టుంది. లేపకండి, మీకు పుణ్యముంటుంది.”

మాంసం ఉడకడానికి రెండు గంటలు పట్టింది. ఇల్లంతా హాయిగా సద్దుమణిగింది. ఎర్తాయ్ గోడకి చేరగిలబడి, ఏడు నెలల తర్వాత మొదటిసారి ఏ కేకా వినకుండా కునుకు తీశాడు.

పళ్ళేలు వచ్చాయి. ఉడికించిన పిండి రేకుల మీద మాంసం ముక్కలన్నీ వరస తప్పకుండా పేర్చాడు ఎర్తాయ్. తల పళ్ళెం ఓరింబాయ్ ముందు పెట్టాడు. ఓరింబాయ్ తుంటి ముక్కని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఒక్క గీత లేదు.

“ఉండరా. ‘నీ కొడుకు నిన్ను మించాడు’ అని మీ నాన్నకో మాట చెప్పొచ్చి, అప్పుడు తింటాను,” అని లేచి తెర వెనక్కి వెళ్ళాడు.

చాలాసేపటికి వచ్చాడు. కూచున్నాడు. కత్తి ముట్టుకోలేదు.

“ఏమన్నాడు పెదనాన్నా?” ఎర్తాయ్ ముందుకి వంగాడు. “దీనిక్కూడా వంక పెట్టాడా?”

ఓరింబాయ్ తన ముందున్న తల పళ్ళాన్ని రెండు చేతులా ఎత్తి, ఎర్తాయ్ ముందు పెట్టాడు.