దొంగ తలుపు

రీసెర్చి అమ్మాయి తాతగారి కళ్ళకు బయటే గంతలు కట్టి, చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది.

ఆయన ఒళ్ళో ఆర్నెల్ల మనవరాలు. తల్లికి డ్యూటీ పడి తాతతో పంపింది.

"పాప చూడొచ్చు గానీ నేను చూడకూడదా? ఇదెక్కడి న్యాయం తల్లీ!"

"మీరెటు చూస్తే పాపా అటే చూస్తుందండీ. ఆట మొదలయ్యాక మాట్లాడకూడదు కూడా. మాట్లాడితే ఇవాల్టి లెక్కంతా పాడవుతుంది."

"సరే, నోటికి తాళం."

బయట కాగితం మీద ఆయన పెట్టిన సంతకం గుర్తొచ్చి అమ్మాయి నవ్వుకుంది. మూడు గీతలు, పక్కన ఒక చుక్క. "ఇది సంతకమా తాతగారూ, పాపాయి చేత గీయించారా?" అని అడిగింది కూడా. "నా పనికి ఇదే సరిపోయేదమ్మా" అన్నాడాయన.

ఏం పని అని ఆమె అడగలేదు.

మాటలు రాని పిల్లలకు ఏం తెలుసో కనిపెట్టడం ఆ అమ్మాయి పని. కంటికి కనబడని బొమ్మ ఇంకా అక్కడే ఉందని ఆర్నెల్ల బిడ్డకు తెలుసా? ఇది తేలితే డాక్టరేటు. తేలకపోతే మళ్ళీ మొదటికి.

సరంజామా పెద్దదేం కాదు, ఒక చెక్కపెట్టె. పాత ప్రొఫెసరుగారి హయాం నుంచీ ఆ గదిలోనే ఉంది. ఎవరు చేశారో ఇప్పుడెవరికీ తెలియదు. అందులో బాతుబొమ్మ పెట్టి, ముందు తలుపు మూసి, మళ్ళీ తీస్తారు. ఒక్కోసారి బాతు ఉంటుంది. ఒక్కోసారి పెట్టె వెనక నక్కిన అమ్మాయి, అడుగున ఉన్న దొంగ తలుపులోంచి దాన్ని లాగేస్తుంది. ఖాళీ పెట్టెను పిల్లలు గుడ్లప్పగించి ఎక్కువసేపు చూశారంటే, "నా బాతేదీ?" అని అడిగినట్టే లెక్క.

ఎప్పుడు ఏ తలుపు తియ్యాలో అమ్మాయి చెవులకున్న హెడ్‌ఫోన్లలో బీప్ చెబుతుంది. పాప ఎంతసేపు చూసిందో కొలిచే స్నేహితురాలు పక్క గదిలో, పాప మొహం మాత్రమే కనబడే టీవీ ముందు కూర్చుంటుంది. ఆ టీవీకి సౌండు పెట్టరు. బాతు ఉందో లేదో ఆమెకు తెలియకూడదని రూలు.

నాలుగో ఆట మధ్యలో తాతగారి తాళం ఊడింది.

"అమ్మా! ఓ అమ్మా!"

అమ్మాయి హెడ్‌ఫోన్లు తీసింది. "అయ్యో! మాట్లాడొద్దన్నానా?"

"అడుగు తలుపు, ఎడమ బందు కిర్రుమంటోంది. పాప దానికి ఉలిక్కిపడుతోంది తల్లీ, బొమ్మకి కాదు."

"అడుగు తలుపు మీకెలా తెలుసు? గంతల కిందనుంచి తొంగిచూశారు కదూ!"

"రామ రామ! నూనె చుక్క ఉంటే ఇప్పించమ్మా, రెండు నిమిషాల పని. ఆ పెట్టె..."

"ఆ పెట్టెని ఎవరూ ముట్టుకోకూడదండి. పదండి, అయిపోయింది."

చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్ళి గంతలు విప్పింది. ఆయన ఏదో చెప్పబోయి, మనవరాలి టోపీ సరిచేసుకుని వెళ్ళిపోయాడు.

పట్టికలో ఆ పాపది తొమ్మిదో వరస. దాన్ని అమ్మాయి ఎర్ర పెన్నుతో కొట్టేసింది. పక్కన రాసింది: 'తాత తొంగిచూశాడు. మాట్లాడాడు.'

రెండేళ్ళు గడిచాయి. పిల్లలు నలభై ఎనిమిది మంది అయ్యారు. ఖాళీ పెట్టెను అందరూ కళ్ళింతలు చేసుకుని చూశారు.

"ఇంకేం, పంట పండింది నీకు!" అంది స్నేహితురాలు.

ఆఖరి పరీక్షకు బయటినుంచి ఒక పెద్ద ప్రొఫెసరు వచ్చాడు. పిల్లల ఆటల వీడియో చూస్తూ అడిగాడు.

"సౌండు పెట్టమ్మా."

"ఎప్పుడూ పెట్టం సార్."

"ఇప్పుడు పెట్టు."

పెట్టింది.

బాతు ఉన్నప్పుడు నిశ్శబ్దం. బాతు మాయమయ్యే ముందు, ప్రతిసారీ, కిర్రు.

"పిల్లలు వెతికింది బాతునా, ఆ చప్పుడునా?"

డాక్టరేటు ఆగిపోయింది. మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నారు.

ఆ మధ్యాహ్నం గదిలో ఒక్కతే కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. పిల్లల్ని ఒళ్ళో పెట్టుకున్న ప్రతివాళ్ళూ ఆ కిర్రు విన్నారు. మాట్లాడొద్దని వాళ్ళ నోళ్ళు మూయించింది తనే. మూసుకోని మనిషి ఒక్కడే.

కాగితాలు వెతికి తొమ్మిదో పాప తల్లికి ఫోన్ చేసింది.

"తాతగారితో ఒక్కసారి మాట్లాడాలండి. క్షమించమని అడగాలి."

"నాన్న పోయి రెండు నెలలైందమ్మా."

అమ్మాయి ఎదుటి కాగితంలో ఎర్రగా కొట్టేసిన వరసను వేలితో తడిమింది.

"మీ దగ్గరికి వచ్చిన రోజు ఇంటికొచ్చాక ఒకటే సంబరం ఆయనకి" అంది తల్లి. "'గొంతు విని గుర్తుపట్టానే, అదింకా బతికే ఉందే' అన్నారు. ఎవరమ్మా అక్కడ, నాన్నకి తెలిసినవాళ్ళు?"

"ఎవరూ లేరండీ. ఉన్నది నేనూ, పాపా" అంది అమ్మాయి.

ఫోన్ పెట్టేసి, పెట్టెను బోర్లించింది. అడుగు తలుపు, ఎడమ బందు. తుప్పు పట్టి ఉంది. మరలు ఊడదీసి తలుపు పక్కకి తీస్తే, లోపలి చెక్క మీద పెన్సిలు రాత కనబడింది.

'ఏడాదికోసారి ఈ బందుకి నూనె వెయ్యాలి. చప్పుడైతే పిల్లలు బొమ్మని మరిచిపోతారు. ఎప్పుడు కిర్రుమన్నా కబురు పెట్టండి, వస్తాను.'

రాత కింద, సంతకం ఉండాల్సిన చోట, మూడు గీతలు, పక్కన ఒక చుక్క.