మీ నాన్న ఎవరమ్మా?

“మీ నాన్న ఎవరమ్మా?”

ఐలీన్ తలెత్తింది. బల్లకు అవతల కూర్చున్న ముసలాయన టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

“మీకు తెలియదులెండి. మేం బోస్టన్ వాళ్ళం.”

“ఇంటిపేరు?”

“గిల్లిస్.”

ముసలాయన నవ్వాడు. “సముద్రంలో చేప అన్నట్టుంది. ఈ ఊళ్ళో రాయి విసిరితే గిల్లిస్‌కే తగులుతుంది. ఏ గిల్లిస్‌లు?”

“అది తెలుసుకోడానికే వచ్చానండీ. కాస్త చదువుకోనిస్తారా?”

కేప్ బ్రెటన్ దీవిలో ఆ చర్చి వెనక గదిలో పుట్టిన పిల్లల జ్ఞానస్నానాలు రాసిపెట్టిన పాత పుస్తకాలున్నాయి. ఐలీన్ ముత్తాత ఇక్కడినుంచే బోస్టన్ వెళ్ళాడు. అతని పూర్వులు స్కాట్లండ్ నుంచి ఓడలో ఇక్కడికి వచ్చారు. అంతకు మించి ఆమెకు తెలియదు. చలికాలంలో తండ్రి పోయాడు. పోయేముందు ఒక్కటే అడిగాడు, “అక్కడ మనవాళ్ళెవరైనా మిగిలారేమో చూడు” అని. ఐలీన్‌కు తోబుట్టువులు లేరు. పిల్లలు లేరు.

ఆ గది చూసుకునే మార్జరీ టీ తెచ్చి పెట్టింది.

“ఈ రోరీ ఫెర్రీ మాటలకి ఏమీ అనుకోకు. వచ్చినవాళ్ళందర్నీ అదే అడుగుతాడు.”

“పరవాలేదు. ఫెర్రీ గారికి కాలక్షేపం కావాలిగా.”

మార్జరీ, రోరీ ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఎందుకో ఐలీన్‌కు అర్థం కాలేదు. వాళ్ళూ చెప్పలేదు.

మర్నాటికి ఆమెకు ముత్తాత దొరికాడు. అలెగ్జాండర్ గిల్లిస్ కొడుకు జాన్. అక్కచెల్లెళ్ళు కన్యాస్త్రీలయ్యారు. అతనికి ముందు పుట్టిన ఇంకో మగపిల్లవాడి పేరూ జానే.

ఐలీన్ తన కాగితం మీద మొదటి జాన్ పక్కన పెన్సిలుతో సిలువ గుర్తు వేసింది. దానికింద “ఎవరూ మిగల్లేదు” అని రాసింది.

“ఎవరు చంపారు ఆయన్ని?” అన్నాడు రోరీ. సిలువ మాత్రం ఆయన కంటికి ఆనింది.

“ఎవరూ చంపలేదు ఫెర్రీ గారూ. ఒక జాన్ పుట్టాడు. మూడేళ్ళకి ఇంకో జాన్. మొదటివాడు పోతేనే కదా రెండోవాడికి ఆ పేరు పెడతారు?”

“పూడ్చినట్టు రాసుందా?”

“లేదు.”

“మనిషిని పూడ్చాలంటే ఫాదర్ రావాలి, గంట కొట్టాలి, గొయ్యి తవ్వాలి. నీకు పెన్సిలు చాలిందన్నమాట.”

మార్జరీ కిసుక్కుమంది. ఐలీన్ చెవులు ఎర్రబడ్డాయి.

రోరీ ముందుకు వంగాడు. “ఎవరి పిల్లలు వీళ్ళు? నాకు అక్షరాలు కనపడవు. పైకి చదువు.”

ఐలీన్ కాగితం బోర్లించింది. “మా ఇంటి సంగతి నాకు వదిలెయ్యండి.”

ఆయన టోపీ పెట్టుకుని లేచాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

“సరేలే. రేపు చదువుదువు.”

మర్నాడు ఆ కుర్చీ ఖాళీగా ఉంది. మార్జరీ కోటు తొడుక్కుంటోంది.

“రోరీ పోయాడు. పొద్దున్నే పొయ్యి మీద టీ పెట్టుకుంటూ పడిపోయాడట. గది మూస్తున్నా. పద, వాళ్ళింటికి వెళ్దాం.”

“నేనెందుకు? ఆయన నాకేమీ కాడు.”

“ఇక్కడ ఏమీ కానివాళ్ళు కూడా వెళ్తారు.”

ఇల్లు పాత రేవు పక్కన ఉంది. గుమ్మంలో రోరీ చెల్లెలు కేటీ ఆన్ నిలబడి ఉంది. వచ్చినవాళ్ళ చెయ్యి పట్టుకుని లోపలికి పంపుతోంది. ఐలీన్ చెయ్యి పట్టుకుని ఆగింది.

“మీ నాన్న ఎవరమ్మా?”

ఐలీన్ ఈసారి చెప్పింది.

“హెక్టర్. ఆయన తండ్రి నీల్. నీల్ తండ్రి జాన్.”

“ఏ జాన్?”

“అలెగ్జాండర్ కొడుకు. జాన్ ఒక్కడే. ముందు పుట్టినవాడు పసితనంలోనే...”

“ఎవరన్నారు?”

ఐలీన్ చెయ్యి సంచిలోని కాగితం మీదికి పోయింది.

“పెద్దవాడికి నాన్న తండ్రి పేరు. రెండోవాడికి అమ్మ తండ్రి పేరు. తాతలిద్దరూ జాన్‌లే అయితే ఏం చేస్తారు? ఒకరి పేరు మానేస్తే రెండో తాత గుమ్మం తొక్కనిస్తాడా? ఒకడు పెద్ద జాన్, ఒకడు చిన్న జాన్. చిన్న జాన్ బోస్టన్ వెళ్ళాడు.”

“పెద్ద జాన్?”

కేటీ ఆన్ చెయ్యి వదల్లేదు. ఐలీన్‌ను శవపేటిక దాకా తీసుకెళ్ళింది. రెండో చెయ్యి అన్న నుదుటి మీద పెట్టింది. గదిలో మాటలు ఆగాయి. మగవాళ్ళు లేచి నిలబడ్డారు.

“ఇతను రోరీ గిల్లిస్. ఈ రేవులో ఫెర్రీ పడవ నడిపిన డానల్డ్ కొడుకు.”

“ఫెర్రీ ఇంటిపేరు కాదా?” ఐలీన్ గొణిగింది.

“అందరం గిల్లిస్‌లమే. ఇంకెలా పిలుచుకుంటాం?” అంది మార్జరీ మెల్లగా.

“డానల్డ్, పెద్ద జాన్ కొడుకు. పెద్ద జాన్, అలెగ్జాండర్ కొడుకు. అలెగ్జాండర్, వడ్రంగి జాన్ కొడుకు. వడ్రంగి జాన్, ఓడ దిగిన ఆంగస్ కొడుకు...”

ఐలీన్ కాగితంలో పేర్లు అలెగ్జాండర్ దగ్గరే ఆగిపోయాయి. కేటీ ఆన్ ఆగలేదు. ఆమె చేతిలో పుస్తకం లేదు. కళ్ళు మూసుకునే ఉంది. పేర్లు సముద్రం దాటాయి. స్కాట్లండ్‌లో ఒక వాగు ఒడ్డుకు, అక్కడ గొర్రెలు కాసిన ఒక మనిషి దాకా వెళ్ళాయి. ఒక్కో పేరుకీ గదిలో వాళ్ళు తల వంచారు. ఐలీన్ కూడా వంచింది.

పేర్లు అయిపోయాక కేటీ ఆన్ కళ్ళు తెరిచింది.

“చిన్న జాన్ వాళ్ళెవరైనా ఎప్పటికైనా వస్తారని ఆ గదిలో కూర్చునేవాడమ్మా. పెద్దవాడి ఇంటివాళ్ళం, మనమే ముందు పలకరించాలి అనేవాడు.”

పేటిక తలవైపు దగ్గరివాళ్ళ కోసం వేసిన కుర్చీల్లో ఒకటి ఆమె ఐలీన్ వైపు జరిపింది.

ఐలీన్ కూర్చుంది. తను ఫెర్రీ గారూ అని పిలిచిన ఆ మనిషి తనకు వరసకి పెదనాన్న.