నాలుక కింద మాత్ర

ఆ సాయంత్రం కూడా కనక కోడలితో మాట్లాడలేదు.

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పొయ్యి ముందు కూర్చుంది. చోడంబలి కుండకేసి చూస్తోంది. మాత్ర వేసుకున్నారా అత్తయ్యా అని మాధవి అడిగితే తల ఊపింది. అంబలిలో ఉప్పు వేశారా అంటే అడ్డంగా ఊపింది. అంతే.

తోటలో కాఫీ పళ్ళు ఎర్రబడ్డప్పటినుంచీ ఇదే వరస.

ఒకప్పుడు ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడేది కనకే. మాధవిది రాజమండ్రి వైపు. టీచరు ట్రైనింగులో ఉదయ్‌ని ఇష్టపడి, పెళ్ళి చేసుకుని, అతని వెంట అరకు కొండల్లోకి వచ్చింది. ఆమెకు ఆ ఊరి బడిలోనే ఉద్యోగం. వచ్చిన రోజే అత్త ఆమెను ఆటపట్టించింది.

"ఏటి, మీరు మీరంతన్నావు? నానేటి తాసిల్దారునా?"

మాధవికి తల్లి లేదు. ఆ మాట విన్నాక కొండ ఊరు కొత్తగా అనిపించలేదు.

సాయంత్రమైతే కనక ఇదే పొయ్యి ముందు కథలు చెప్పేది. కథకీ కథకీ మధ్య చుట్ట. వానలో నాట్లు వేస్తున్నా కనక చుట్ట ఆరదని ఊళ్ళో పేరు.

ఒకరోజు కాఫీ తోటలో గుండె పట్టుకుని కూలబడింది. జీపులో అరకు, అక్కణ్ణుంచి విశాఖపట్నం తీసుకెళ్ళారు. బతికింది. డాక్టరు ఆమె తిండి సంగతి, పని సంగతి అడిగి తెలుసుకున్నాడు. చోళ్ళు, సామలు, ఆకుకూరలు. రోజూ కొండ ఎక్కడం, దిగడం. షుగరు లేదు, కొవ్వు లేదు.

"మేము చెప్పేవన్నీ ఈవిడ ముందునుంచే చేస్తోందమ్మా," అన్నాడు మాధవితో. "ఉప్పు కాస్త తగ్గించండి. చుట్ట మాత్రం పూర్తిగా మానాలి. ఈ గుండె ఇంకోసారి తట్టుకోలేదు."

నొప్పి వస్తే నాలుక కింద పెట్టమని చిన్న మాత్రలిచ్చాడు. మాధవి అట్టలోంచి రెండు కత్తిరించి అత్త కొంగు చివర ముడేసింది.

ఇంటికి వచ్చిన రోజే పొగాకు కట్ట మొత్తం పొయ్యిలో పడేసింది. కనక ఆ మంట వైపు చాలాసేపు చూసింది.

"అంతా కాల్సీసినావా," అంది.

తర్వాత మనవరాలి నెత్తిన చెయ్యి పెట్టింది. "సరేలే. నానింక కాల్సను."

ఆ తర్వాత ఆమె చేతిలో చుట్ట ఎవరూ చూడలేదు. పాచిపెంటలో పని చేస్తున్న ఉదయ్, ఇంటికి వచ్చినప్పుడల్లా ఆ సంగతి పదిమందికీ చెప్పుకుని మురిసిపోయేవాడు.

కానీ చుట్టతోపాటు సాయంత్రపు మాటలూ పోయాయి.

పగలు బాగానే ఉంటుందట. కుళాయి దగ్గర పక్కింటి రత్నాలు చెప్పింది. "తోటలో ఒకటే నవ్వు. కోపమంతా నీ మీదేనమ్మా. ముసిల్దాని సుట్ట లాక్కుంటే ఊరుకుంటాదా?"

మనవరాలు పాట పాడమని ఒళ్ళోకి ఎక్కితే, నోరు విప్పకుండానే ఊఁ ఊఁ అని రాగం తీసేది. పసిదానికి పాట కూడా లేకుండా చేశాననుకునేది మాధవి.

ఆగలేక మామను అడిగింది. పైడయ్య అరుగు మీద చుట్ట కాలుస్తున్నాడు. ఇల్లంతా ఆ వాసనే. మీరూ మానొచ్చు కదా అని ఎన్నిసార్లు అన్నా, నా గుండెకేటయ్యింది అని నవ్వేసే మనిషి. ఈసారి నవ్వలేదు. పొయ్యి వైపు ఓసారి చూసి కళ్ళు తిప్పుకున్నాడు.

"దాని నోరు దానిష్టం, మాస్టరమ్మా. నువ్వు కదపకు."

ఈ సాయంత్రం మాధవి కదిపింది. బయట మంచు దిగుతోంది. పాప నిద్రపోయింది. అత్త పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"కోపం ఉంటే తిట్టండి అత్తయ్యా. మీరు బతకాలనే కదా చేశాను."

కనక తిరిగి చూసింది. కళ్ళు తడిగా ఉన్నాయి. చెయ్యి చాపి కోడలి తల నిమిరింది. నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు మాత్రం తియ్యలేదు.

తిట్టినా అంత బాధ ఉండేది కాదు.

"వద్దులెండి," అంది మాధవి లేస్తూ. "మాట్లాడకపోయినా ఫర్వాలేదు. బతికుంటే చాలు."

నిమిరిన చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. కనక పక్కకు ఒరిగిపోయింది.

మాధవి కొంగు ముడి విప్పి మాత్ర తీసింది. నోరు తెరవమంది. కనక పెదాలు బిగించింది. నాలుక కింద పెట్టాలని చెప్పింది. బతిమాలింది. త్వరగా అనబోతే, ఎప్పుడూ లేనిది, అత్త మాటే ఆమె నోట వచ్చింది.

"బేగి తెరవండి అత్తయ్యా, బేగి."

కనక కళ్ళతోనే వద్దంది. తల అడ్డంగా ఊపింది.

"తెరువే," అన్నాడు పైడయ్య గుమ్మంలోంచి. "పోనీ, తెరిసీయే."

పెదాలు ఇంకా బిగిసాయి. ప్రాణం పోయేటప్పుడు కూడా నా మీద ఇంత కోపమా అనుకుంది మాధవి.

కాసేపటికి దవడ దానంతటదే వదులైంది. మాత్ర పట్టుకున్న వేలు పెదాల దగ్గరే ఆగిపోయింది.

నిప్పున్న కొస లోపలికి తిప్పి నోట్లో పెట్టుకున్న చుట్టముక్క, కనక నాలుక మీద ఇంకా ఎర్రగా కాలుతోంది.