తొంభై డిగ్రీల గోడ

"ఇది గోడా, తాగినవాడి నడకా?"

గొడుగు కర్రతో ఇటుకల్ని పొడుస్తూ అడిగారు రామచంద్రమూర్తి మాస్టారు. తాపీమేస్త్రీ బుల్లబ్బాయికి ఒళ్లు మండింది. అయినా తమాయించుకున్నాడు. కిందటి వారం పట్టిసీమలో ఇంటాయనతో వాదించి పని పోగొట్టుకున్నాడు. "కొవ్వూరులో కూడా నోరు చేశావంటే నిన్నిక పిలవను. ఇంటాయన వస్తాడు, ఎలా చెబితే అలా కట్టు" అని కాంట్రాక్టరు సుకుమార్ ఫోన్లోనే తెగేసి చెప్పాడు. అందుకే పొద్దున్నే మాస్టారు సరాసరి లోపలికొచ్చి కుర్చీ లాక్కోగానే, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"సరిగ్గానే ఉందండి. గుండేసి చూస్కోండి," అంటూ దారానికి కట్టిన ఇనపగుండు వేలాడదీశాడు. దారం పైనుంచి కిందదాకా గోడని అంటుకునే నిలిచింది.

"దారం గాలికి ఊగుతుంది. రేఖాగణితం ఊగదు! ముప్పై రెండేళ్లు లెక్కలు చెప్పానయ్యా." మాస్టారు రెండు పుల్లల్ని ఒకదాని మీద ఒకటి అడ్డంగా పెట్టారు. "ఈ ఎదురెదురు కోణాలు సమానం. వీటినేమంటారు?"

"తెలీదండి."

"శీర్షాభిముఖ కోణాలు! అదే రాదు, ఇంక నిలువు గీత గురించి నీకేం తెలుస్తుంది?"

మూలమట్టం లాక్కుని ఒక అంచు గచ్చు మీద, రెండో అంచు గోడకి ఆనించారు. పైన వేలు దూరేంత సందు.

"ఏదీ తొంభై డిగ్రీలు?"

"గచ్చుకి వాటం ఉందండి, వాన్నీళ్లు వీధిలోకి పోడానికి. నేలే వాలుగా ఉంటే మరి..."

"నాకే పాఠమా? పడగొట్టు!"

ఆహా, ఏం చదువండీ! కోణాల పేర్లన్నీ నోటికొచ్చిన మహానుభావుడికి తన కాళ్ల కింది నేలకి వాలుందన్న సంగతి మాత్రం తెలీదు.

నిన్నంతా కట్టిన నడుమెత్తు గోడని బుల్లబ్బాయి పళ్లు నూరుకుంటూ కూల్చాడు. సాయంత్రానికి మాస్టారు పెట్టిన మట్టానికే మళ్లీ లేపాడు. గోడ వీధివైపు ఒరిగింది. రేపు దాన్ని చూసినవాళ్లు తనని మేస్త్రీ అంటారా? పోనీ, ఆయన గోడ, ఆయన ఖర్మ. పని నిలబడితే చాలనుకున్నాడు.

"ఇప్పుడు గోడంటే గోడ!" మాస్టారు తృప్తిగా లేచి, గుమ్మం దాటబోతూ వెనక్కి తిరిగారు.

"ఇంతకీ ఈ ఇల్లు ఎవరిదయ్యా?"