విరిగిన కాలు

రాతి క్వారీకి బయలుదేరుతున్న ఎల్లేశం మోకాలి మీద భార్య గుర్వమ్మ సుత్తితో కొట్టింది. ఎముక విరిగింది. అతను కిందపడి అరుస్తున్నా ఇంకో దెబ్బ వేసింది.

ఆ ఊరంతా క్వారీ మీదే బతుకుతుంది. "కూలి తెచ్చే మొగని కాలే ఇరగ్గొడ్తవానే?" అంటూ ఇరుగుపొరుగు ఆమెను చితకబాదారు.

దేవరకొండ దవాఖానలో కానిస్టేబుల్ అడిగాడు. "ఎవలు కొట్టిన్రు?"

"క్వారీల బండ పడ్డది సార్," అన్నాడు ఎల్లేశం దగ్గుతూ.

కానిస్టేబుల్ వెళ్లాక గుర్వమ్మ మంచం పక్కన కూలబడింది.

"ఆ రాతిదుమ్ము మీ అన్న పానం తీసింది. నిన్నుగూడ తింటుంటే సూసుకుంట కూసోవాల్నా? ఎంత బతిమాలినా ఇంటివా?"

ఎల్లేశం ఆమె వాచిన చెంప నిమిరాడు.

"అన్న కాలు గూడ ఎవరన్న గిట్లనే ఇరగ్గొడితే బతికేటోడు."