చక్రాల మీద నాన్నమ్మ

"కాస్త నీరసంగా మొహం పెట్టమ్మా, గేటు దగ్గరి వాళ్లు చూస్తున్నారు," అన్నాడు డారెల్ గొంతు తగ్గించి.

ఓర్లాండో ఎండలో వినోదాల పార్కు క్యూ పాములా మెలికలు తిరిగింది. పక్కనే నడవలేనివాళ్ల కోసం ఉన్న ప్రత్యేక దారిలో డారెల్ తల్లి లోర్నాని చక్రాల కుర్చీలో తోస్తున్నాడు. కుర్చీ చర్చిలో ఊరికే అడిగి తెచ్చింది. లోర్నాకి ఏ జబ్బూ లేదు. ఆమె ఒళ్లో మనవడు, పాదాల దగ్గర మనవరాలు, వీపు వెనక మూడు సంచులు.

"పిల్లలకి తోపుడుబండి అద్దెకి తీసుకోవచ్చుగా?" అంది లోర్నా.

"దండగ కదా అత్తయ్యా," అంది కోడలు క్రిస్టీ. "మీరుంటే బండీ అక్కర్లేదు, క్యూ కూడా ఉండదు. అందుకేగా మిమ్మల్ని తీసుకెళ్దామని ఈయన్ని నేను పోరింది!"

లోర్నా కొడుకు వైపు తిరిగింది. "నేను రాకపోతే పిల్లలు బెంగపడతారన్నావు కదరా ఫోన్లో?"

డారెల్ వంగి, బాగానే ఉన్న చక్రాన్ని సరిచేయసాగాడు.

లోర్నా మనవణ్ణి దించి, లేచి నిలబడింది.

"దేవుడా, లేచింది!" అని క్యూలో ఎవరో అరిచారు. చప్పట్లు మోగాయి. ఒకావిడ కళ్లు కూడా ఒత్తుకుంది.

"అమ్మా, కూర్చో! పరువు పోతుంది!"

గేటు దగ్గరి అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "మేడమ్, మరి ఈ కుర్చీ ఎవరికి?"

"మావాడికమ్మా," అంది లోర్నా, పిల్లలిద్దరి చేతులూ పట్టుకుని క్యూ చివరికి బయల్దేరుతూ. "పాపం, వాడికి కాళ్లాడటం లేదు."