సినిమాకు టైం చాలదు

మార్నింగ్ షో వదిలారు.

గ్రేసీ మైకు పట్టుకుని థియేటర్ గేటు దగ్గర నిలబడింది. సికింద్రాబాద్‌లో ఏ కొత్త సినిమా వచ్చినా జనం మాట ముందుగా ఆమె ఛానల్‌లోనే వినిపిస్తుంది.

ఈసారి ఎనిమిది మంది హీరోల సినిమా. కథంతా మత్తుమందుల వ్యాపారం.

"ఇంటర్వెల్ ఫైట్ మామూలుగ లేదక్కా" అన్నాడొకతను.

"మంది ఎక్కువైన్రు. ఎవడు పోలీసో, ఎవడు దొంగో సమజ్ కాలే" అందొకావిడ.

ఆ వెనకే ఒక పెద్దాయన వచ్చాడు. అరవై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా.

"ఎట్లుంది అంకుల్ సినిమా?"

"మంచిగనే తీసిన్రు బిడ్డా. కానీ మత్తుకు అలవాటైన ఆ పిలగాన్ని చంపుడు నచ్చలే. అందరు చావరు. బాగుపడేటోళ్లు సుత ఉంటరు."

"వాడు బాగుపడితే ఇంక థ్రిల్ ఏముంటది?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయనా నవ్వాడు.

"నిజమే. బాగుపడుడు శానా మెల్లగ అయితది. సినిమాకు టైం చాలదు."

గ్రేసీ ఆ ముక్కను కత్తిరించి, నవ్వుల శబ్దం కలిపి, 'క్లైమాక్స్ మార్చమన్న అంకుల్' అని పెట్టింది.

సాయంత్రానికి రెండు లక్షల మంది చూశారు. విమర్శకులు సినిమాకు మూడు స్టార్లిచ్చారు. అంకుల్‌కు మాత్రం వెక్కిరింతలే. 'ఈయనకు భక్తి సినిమా చూపించండి' అని ఒకరు రాస్తే గ్రేసీ లైక్ కొట్టింది.

రెండు వారాల తర్వాత బోయిగూడ నుంచి ప్రేమమణి అనే ఆవిడ ఫోన్ చేసింది.

"మేడమ్, ఆ అంకుల్ ఎక్కడుంటడు? మా తమ్ముడు ఎరిక్ ఆ వీడియో రోజూ చూస్తుండు."

"నవ్వుకోనీకా?"

"కాదండి. 'అందరు చావరు' అన్న కాడ ఆపి, మళ్ల పెట్టుకుంటుండు. రెండేళ్ల సంది వాడు మత్తులనే ఉన్నడు. ఎవరి దగ్గరికీ రానన్నడు. ఈయన దగ్గరికైతే వస్తనంటుండు."

కనుక్కుని చెబుతానంది గ్రేసీ.

ఛానల్‌కు వచ్చిన మెసేజీలు వెతికింది. సినిమా వచ్చిన మర్నాటిదే ఒకటి తెరవకుండా ఉంది.

'మేడమ్, వీడియోల ఉన్నది మా తిరుమలన్న. దానికింద మా అడ్రస్ పెట్టున్రి, అవసరమున్నోళ్లు వస్తరని అన్న చెప్పమన్నడు. మత్తు మానేటోళ్లం కలిసేది లాలాగూడ చర్చి వెనక గదిల, ప్రతి ఆదివారం సాయంత్రం. ఇట్లు, షాలేమ్.'

ఆదివారం గ్రేసీ, ప్రేమమణి, ఎరిక్ అక్కడికి వెళ్లారు.

గదిలో పదముగ్గురు కూర్చుని టీ తాగుతున్నారు. షాలేమ్ లేచి వచ్చాడు. నలభై దాటిన మనిషి.

"తిరుమల్ గారు?" అంది గ్రేసీ.

"మొన్న బుధవారం పోయిండమ్మా. గుండె ఆగింది."

గ్రేసీ తల దించుకుంది.

"ఆ వీడియో తీసేస్తనన్నా."

"ఉండనియ్యి. చూసి ఆయన సుత బాగ నవ్విండు. అడ్రస్ పెట్టు, చాలు."

ఎరిక్ గుమ్మంలోనే వెనక్కి తిరిగాడు. షాలేమ్ అతన్ని ఆపలేదు. ఖాళీ కుర్చీ ఒకటి అతని వైపు జరిపాడు.

"నేను మానేసి ఏడేండ్లు, తమ్మీ. గా మూలకున్నాయన నాలుగేండ్లు. చాయ్ తాగి పో."

ఎరిక్ మూలనున్న మనిషి వైపు చూశాడు. తర్వాత వచ్చి కూర్చున్నాడు. ప్రేమమణి కొంగుతో ముఖం తుడుచుకుంది.

గ్రేసీ అక్కడే ఫోన్ తీసి వీడియో కింద అడ్రస్ పెట్టింది.

"ఇంతమంది తిరుమల్ గారి దగ్గరికి ఎట్ల వచ్చిన్రన్నా?"

"ఒక్కొక్కరి ఇంటికి తనే వచ్చిండు. మొఖం మీద తలుపేసినా మళ్ల వచ్చిండు."

"మీ ఇండ్లు ఆయనకెట్ల తెలుసు?"

షాలేమ్ టీ గ్లాసు కింద పెట్టాడు.

"జైలుకు పోకముందు, మాకందరికి ఆ మత్తు తెచ్చి అమ్మింది ఆయనేనమ్మా."